రెండో తలుపు

“తేడా నీ చేతిలోనే ఉంది,” అన్నాడు సార్, అందరూ వింటుండగానే.

ఆమె మైక్రోస్కోప్ మీది నుంచి తల ఎత్తలేదు. లెక్క మధ్యలో ఉంది. నూట ఎనభై ఆరు, నూట ఎనభై ఏడు. పలచటి పొర అడుగున ఊదారంగు చుక్కల్లా అన్నవాహిక క్యాన్సర్ కణాలు. మందు వేశాక అవి ఆ పొర దాటి కిందికి రాకూడదు. రెండేళ్ళ కిందట రాలేదు. రాలేదనే ఈ ల్యాబ్ పేపరు అచ్చయింది. రాలేదనే సార్‌కి శాలువాలు కప్పారు. రాలేదనే పెద్దాస్పత్రి సర్జన్ ఒకావిడ ఆ మందును రోగులకు ఇచ్చి చూడటానికి అనుమతి అడగబోతోంది. ఇప్పుడు వరసగా మూడుసార్లు చేస్తే మూడుసార్లూ దాటాయి. నూట తొంభై ఎనిమిది దగ్గర లెక్క ముగించి, అంకె రాసి, కింద గీత గీసి, అప్పుడు తలెత్తింది.

“పదకొండేళ్ళుగా ఇదే చేయి, సార్.”

“అదే అంటున్నా. అలిసిపోయిన చేయి.”

స్కాలర్ అమ్మాయిలిద్దరూ చేతిలో ఉన్న సీసాల మీది లేబుళ్ళు చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు.

సార్ అంటే ఈ ల్యాబ్ పెద్ద. ఆమె భర్త కూడా. ఇక్కడ సార్ అనాలి, ఇంట్లో ఏమండీ అనాలి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో గుమ్మం మారినప్పుడల్లా పిలుపు మారింది గాని పని మారలేదు. పెళ్ళినాటికి ఆమె చదువు సగంలో ఉంది. “ఒక ఇంట్లో ఒక డాక్టరేట్ చాలదా?” అని ఆయన నవ్వుతూ అడిగాడు. నవ్వుతూ అడిగినదానికి గట్టిగా జవాబు చెప్పడం అప్పట్లో ఆమెకు చేతకాలేదు. ఆ తర్వాత ఇదే ల్యాబ్‌లో, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద టెక్నీషియన్‌గా చేరింది. అందరూ సెల్లమ్మ అంటారు, సెల్స్‌ని సాకేది ఆవిడే గనుక. కణాలకు ఆదివారం తెలియదు, పెళ్ళీ తెలియదు, జ్వరమూ తెలియదు. రెండు రోజులకోసారి మీడియం మార్చాలి. మీడియం అంటే వాటి తిండి, లేత ఎరుపు నీళ్ళు. అవి తిని పులుపు వదిలేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. ఈ క్యాన్సర్ కణాల సీసాలకు స్కాలర్ అమ్మాయిలు అత్తగార్లు అని పేరు పెట్టారు. ఎంత పెట్టినా చాలదు, పక్కవాళ్ళకు చోటివ్వరు, వేళకు చూడకపోతే పుల్లగా తయారవుతారు. ఆ జోకు ఇంటికెళ్ళి అసలు అత్తగారికి చెబితే ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, “మరి కొడుకుల సీసా పెట్టలేదా?” అని అడిగింది.

“లోపలికి రా,” అని సార్ తన గదిలోకి నడిచాడు.

బల్ల మీద ఒక కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. ఇంకో రెండు దేశాల ల్యాబ్‌లు ఇదే ప్రయోగం చేసి, ఫలితం రావడం లేదని పత్రికకు ఉత్తరాలు రాశాయి. సంస్థ ముగ్గురితో విచారణ సంఘం వేసింది. ఈరోజు బుధవారం. శుక్రవారం మూడు గంటలకు వాళ్ళు కూర్చుంటారు.

“చదవక్కర్లేదు, నేను చెప్తాను,” అన్నాడు ఆయన. ఇక్కడ తలుపు మూసి ఉంది గనుక గొంతు ఏమండీ గొంతు. “కణాలను సాకడంలో నీ వల్ల పొరపాటు జరిగిందని రాశాను. చిన్న మాటే. నేను వాళ్ళకు సర్దిచెప్పుకుంటాను. నీది కాంట్రాక్టే కదా, పోయినా పెద్ద నష్టం లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుంటుంది. నాది పోతే మాత్రం ఇల్లే నడవదు.”

ఆమె అయినా చదివింది. నాలుగు వాక్యాలు. మూడు వాక్యాల్లో “నా నిర్లక్ష్యం” అని ఉంది. ఆమె ఎప్పుడూ ఆయన పేపర్లలో తన పేరు కోసం వెతికేది. చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో, “సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు” అన్న వరసలో కనపడేది. మొదటి వాక్యంలోనే ఆమె పూర్తి పేరు ఉన్న కాగితం ఇదొక్కటే.

“ఏడో నంబర్ నోట్‌బుక్ దొరికితే ఒకసారి చూసి చెప్తాను,” అంది.

“ఆ నోట్‌బుక్ నువ్వే ఎక్కడో పోగొట్టావు. అది కూడా రాశాను చూడు, మూడో వాక్యం.”

“శుక్రవారం దాకా టైముంది కదా, సార్,” అని, కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని బయటికొచ్చింది. మూసిన తలుపు వెనక సార్ అనడం అదే మొదటిసారి. ఆయన గమనించాడో లేదో తెలియదు.

బీరువాలో ఆరో నంబర్ ఉంది, ఎనిమిదో నంబర్ ఉంది. మధ్యలో ఒక పుస్తకం మందాన ఖాళీ. ఎప్పటి ఖాళీయో కాదు. చుట్టూ అరమీద దుమ్ము ఉంది, ఆ ఖాళీలో లేదు. ఆమె వేలితో తుడిచి చూసుకుంది. అంటే ఈమధ్యే ఎవరో తీశారు. పెద్ద స్కాలర్ అమ్మాయి పక్కనే నిలబడి గొంతు తగ్గించి, “అక్కా, బీరువా తాళంచెవులు రెండే ఉన్నాయి. ఒకటి మీ దగ్గర,” అని ఆగిపోయింది.

“రెండోది ఎవరి దగ్గరుందో నాకు తెలుసులే. నువ్వు అనక్కర్లేదు, నీ థీసిస్ మీద ఆయన సంతకం పడాలి.”

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. అత్తగారు కుట్టుమిషన్ ముందు కుర్చీలో కూర్చుని మోకాళ్ళకు మందు రాసుకుంటోంది. ముప్పై ఏళ్ళు ఆ మిషన్ తొక్కి కొడుకును చదివించిన మనిషి. ఇప్పుడు తొక్కలేదు, అయినా మిషన్‌ని అమ్మనివ్వదు. ఆమె చెప్పులు విప్పి, స్టవ్ మీద టీ పెట్టి, తీగ మీద ఆరిన బట్టలు తీసుకొచ్చి మడతపెట్టడానికి కూర్చుంది. చేతులు మడతలు పెడుతున్నాయి, బుర్ర ల్యాబ్‌లోనే ఉంది. క్యాన్సర్ కణం చక్కెర తెగ తింటుంది, తిన్నకొద్దీ లోపల యాసిడ్ పుడుతుంది. ఆ యాసిడ్‌ని ఎప్పటికప్పుడు బయటికి నెట్టకపోతే తన పులుపులో తానే ఊపిరాడక పడి ఉంటుంది. అందుకని కణం గోడలో ఒక తలుపు ఉంది. శాస్త్రం దాన్ని అయాన్ ట్రాన్స్‌పోర్టర్ అంటుంది. ఒక సోడియం రేణువును లోపలికి తీసుకుని ఒక యాసిడ్ రేణువును బయటికి గెంటే తలుపు. బయటపడ్డ యాసిడ్ చుట్టుపక్కల కండను కరిగిస్తే కణానికి దారి దొరుకుతుంది, అలా అన్నవాహిక గోడను తొలుచుకుంటూ పోతుంది. మందు వేస్తే ఆ తలుపు మూసుకుంటుంది. మూసుకుందని ఈరోజు కూడా విడిగా పరీక్షించి చూసింది. తలుపు మూసే ఉంది. మరి కణం ఆగలేదేం?

“నీ మొహం చూస్తే ఆయనగారు ఏదో వాగినట్టున్నాడు,” అంది అత్తగారు.

“చెయ్యి బాగాలేదన్నారు.”

“ఎవరి చెయ్యి? ఈ ఇంట్లో వాడిదొక్కటేగా వాడకుండా కొత్తగా ఉంది.” ఆవిడ మందు డబ్బా మూత బిగించింది. “పోయిన నెల నువ్వు జ్వరంతో అయిదు రోజులు పడుకున్నావా. ఆరో రోజు నువ్వు లేచి కూర్చోగానే ఏమన్నాడు వాడు? చూశావా, నువ్వు మంచమెక్కినా ఇల్లు ఆగలేదు, అన్నాడు. నేను అక్కడే గిన్నెలు తోముతున్నా. ఇల్లు ఆగలేదన్నది కనపడింది వాడికి. ఎందుకాగలేదన్నది కనపడలేదు. ఆ అయిదు రోజుల నుంచే ఈ మోకాళ్ళు.”

ఆమె చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

ఆ మాట విన్నరోజు తనకు కోపం వచ్చింది, ఆ కోపంలో నిజాన్ని చూడలేదు. తను చేయడం మానేసింది. పని ఆగలేదు. అంటే తను చేసేది పనికిమాలిన పని అని కాదు, ఇంకొకరెవరో ఒక్క మాట అనకుండా ఆ బరువు నెత్తినేసుకున్నారని. ఇల్లు నడుస్తోందా లేదా అని చూసేవాడికి ఆ ఇంకొకరు ఎప్పటికీ కనపడరు. వాళ్ళ మోకాళ్ళు చూస్తేనే కనపడతారు. కణం గోడలో ఒక్క తలుపే ఉందని ఎవరన్నారు? రెండోది ఉంది. ఆ సంగతి పుస్తకాల్లో కూడా ఉంది. అది యాసిడ్‌ని బయటికి నెట్టదు, బయటి నుంచి సోడాని లోపలికి తెస్తుంది. వంటసోడాలో ఉండే బైకార్బొనేట్. సోడా పడితే పులుపు విరుగుతుంది, కణం మళ్ళీ హాయిగా నడుస్తుంది. మొదటి తలుపుకు తాళం పడగానే రెండోది పని అందుకుంది. ల్యాబ్‌లో వాడే మామూలు మీడియం నిండా బైకార్బొనేటే.

టీ పొంగింది. అత్తగారు లేవబోతే ఆమె వారించి, స్టవ్ ఆపి, అక్కడే నిలబడిపోయింది. అంతా సరిపోయింది గాని ఒక్కటి సరిపోలేదు. రెండేళ్ళ కిందట కూడా అదే మీడియం, అవే కణాలు. అప్పుడు ఆ రెండో తలుపు ఎందుకు పని చేయలేదు? అప్పుడేం వేరుగా జరిగింది? అది ఏడో నంబర్‌లో ఉంటుంది. ఏ రోజు ఏ సీసాలో ఏం పోసిందీ ఆమె రాస్తుంది, ఉక్కపోసి కిటికీ తెరిస్తే ఆ సంగతి కూడా రాస్తుంది.

“ఒక నల్ల అట్ట పుస్తకం కావాలత్తయ్యా. అది దొరికితే బతికిపోతాను. ల్యాబ్ అంతా వెతికాను.”

అత్తగారు కుట్టుమిషన్ పక్క సొరుగు లాగి, పైనున్న గుడ్డముక్కలు, గుండీల డబ్బా తీసి ఒళ్ళో పెట్టుకుని, అడుగు నుంచి ఒక నల్ల అట్ట పుస్తకం బయటికి తీసింది. వెన్ను మీద తెల్లటి చీటీ. ఏడు.

“పోయిన ఆదివారం పాత పేపర్ల కట్టతో పాటు ఇచ్చాడు, పేపర్లవాడికి వేసెయ్యమ్మా అని. తెరిచి చూస్తే నీ రాత. అంతా అంకెలు. కొలతల పుస్తకం అనుకున్నా. కొలతల పుస్తకం పారేస్తే ఆ బట్ట మళ్ళీ ఎలా కుడతారే? నా దగ్గర చచ్చిపోయినవాళ్ళ కొలతలు కూడా ఉన్నాయి. అందుకని దాచా. వాడిని అడగలేదు, నీకు చెప్పలేదు. ఏదో మీ ఆఫీసు గొడవలే అనుకున్నా.”

పోయిన ఆదివారం. అంటే సంఘం వేశారని ఉత్తరం వచ్చిన మర్నాడు.

ఆమె మిషన్ మీదే పుస్తకం పరిచి పేజీలు తిప్పింది. నలభై రెండో పేజీలో దొరికింది, తన గుండ్రటి అక్షరాల్లో: “సిలిండర్ల బండి ఈరోజు కూడా రాలేదు. ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పూర్తిగా అయిపోయింది. గ్యాస్ లేకుండా మామూలు మీడియం నిలవదు కనుక బైకార్బొనేట్ లేని మీడియం నేనే కలిపాను. సీసాల మూతలు బిగించి, ఉత్త వెచ్చటి పెట్టెలో పెట్టాను.” అలా మూడు వారాలు. పేపరుకు ప్రాణమైన అంకెలన్నీ ఆ మూడు వారాలవే. సోడా లేదు, రెండో తలుపుకు మోయడానికి సరుకు లేదు. అందుకే మొదటి తలుపు మూయగానే కణాలు కదల్లేకపోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. భోజనాల బల్ల దగ్గర పేపరు టైపు చేస్తున్న సాయంత్రం. ఆయన తింటూ చెబుతుంటే ఆమె తినకుండా కొడుతోంది. పద్ధతులు రాసే భాగంలో గ్యాస్ అయిపోవడం, మీడియం మార్చడం గురించి ఆమె రెండు వాక్యాలు తనంతట తానే చేర్చింది. ఆయన తెర వైపు వంగి చూసి నవ్వాడు. “గ్యాస్ అయిపోయిందని రాయడానికి ఇదేమన్నా వంటిల్లా? మన ల్యాబ్‌లో సిలిండర్‌కి కూడా దిక్కులేదని ప్రపంచానికి చాటుతావా? తీసెయ్. మామూలు మీడియం, మామూలు గ్యాస్ అని రాయి, అందరూ రాసేట్టు.” ఆమె తీసేసింది. పెద్ద విషయం అనిపించలేదు. అదే ఇప్పుడు గుచ్చుకుంది. ఆయన దాన్ని వంటింటి సంగతి అన్నందుకు కాదు. ఆ మాట తను నమ్మినందుకు. మూడు వారాలు కణాలను బతికించింది, కొత్త మీడియం కుదిర్చింది, ఆ పని వల్లే ఒక నిజం బయటపడింది. అయినా అది ఇల్లు సర్దుకోవడం లాంటిదనే అనుకుంది. సైన్స్ అంటే ఆయన మాట్లాడేది, తను చేసేది కాదు అనుకుంది. గ్యాస్ మళ్ళీ వచ్చాక మర్చిపోయింది కూడా.

“దొరికిందా?” అంది అత్తగారు.

“దొరికింది. అంతా దొరికింది.” ఆమె పుస్తకం మూసింది. “దీన్ని శుక్రవారం వాళ్ళ ముందు పెడితే ఇది ఎక్కడ దొరికిందని అడుగుతారు. ఎవరు పారేయమన్నారని అడుగుతారు. మీ కొడుకు విషయం అత్తయ్యా, మీకు చెప్పకుండా చేయను.”

ఆవిడ గుండీల డబ్బా మూత తీసి, మూసి, మళ్ళీ తీసింది. బయట ఎవరో స్కూటర్ స్టార్టు కాక తంటాలు పడుతున్నారు.

“ఆ మందు ఎవరికిస్తారన్నావు?”

“ముద్ద మింగలేని వాళ్ళకి.”

“పని చెయ్యని మందు?”

“ఇలాగే వదిలేస్తే, అవును.”

“అయితే నన్నెందుకు అడుగుతావు.” ఆవిడ గుండీల డబ్బా సొరుగులో పెట్టి, “వాళ్ళు అడిగితే ఏమని చెప్తావు? సార్ అంటావా, ఆయన అంటావా? వాడికి ఒక పేరుంది. పెట్టింది నేనే. నువ్వు పలికితే అరిగిపోదు,” అంది.

గురువారం పొద్దున ఏడున్నరకే ఆమె ల్యాబ్‌లో ఉంది. రెండో తలుపు మూసే మందు ఎవరిదో పాత ప్రయోగంలో మిగిలిన చిన్న సీసా డీప్ ఫ్రీజర్ అడుగున ఉంటుందని ఆమెకు తెలుసు. ఈ ల్యాబ్‌లో ఏ మూల ఏముందో సార్‌కి తెలియదు, ఆమెకు తెలుసు. నాలుగు వరసలు పెట్టింది. మామూలు మీడియంలో మందు లేకుండా ఒకటి. మొదటి తలుపు మూసి ఒకటి. రెండు తలుపులూ మూసి ఒకటి. ఆఖరిది సోడా లేని మీడియంలో, ఏడో నంబర్ పుస్తకం పక్కన పెట్టుకుని, నలభై రెండో పేజీ అక్షరం పొల్లుపోకుండా చూస్తూ.

పది గంటలకు సార్ వచ్చి వెనక నిలబడ్డాడు. పుస్తకం అప్పటికే ఆమె సంచీలో ఉంది.

“ఇంకా ఏం చేస్తున్నావు? సంతకం పెట్టావా?”

“పిపెట్ చేతిలో ఉంది సార్. రేపు పొద్దునకల్లా అయిపోతుంది.”

“రేపు అక్కడ నువ్వేం మాట్లాడక్కర్లేదు. నేను చూసుకుంటాను. ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసిపెట్టు.”

“మీరు చేసుకోండి. నాకు సీసాలున్నాయి.”

పక్క బల్ల దగ్గర పెద్ద స్కాలర్ అమ్మాయికి దగ్గొచ్చింది, చాలాసేపు తగ్గలేదు.

శుక్రవారం పొద్దున ఆమె లేబుళ్ళ మీద తెల్ల కాగితం అంటించి, ఏది ఏదో తెలియకుండా చేసి, ఆ అమ్మాయినే పిలిచింది. “నువ్వు లెక్కపెట్టు. నా చేయి బాగాలేదట, కన్ను సంగతి కూడా ఎవరికి తెలుసు.” అమ్మాయి రెండు గంటలు లెక్కపెట్టి నాలుగు అంకెలు రాసింది. రెండు వందల ఏడు. నూట తొంభై నాలుగు. ముప్పై ఒకటి. ముప్పై ఎనిమిది. ఆమె ఒక్కొక్క కాగితమూ ఊడదీసింది. ముప్పై ఒకటి మీద రెండు తలుపులూ మూసిన లేబుల్. ముప్పై ఎనిమిది మీద సోడా లేని మీడియం. అమ్మాయి చూసి, మళ్ళీ చూసి, “అక్కా, పాత ఫలితం తప్పు కాదు. సగం,” అంది.

“సగమే. మిగతా సగం మన చేతిలో ఉంది. కాగితం కింద నీ సంతకం పెట్టకు, నేనొక్కదాన్నే పెడతాను. నీ థీసిస్ కానీ ముందు.”

అమ్మాయి ఆమె చేతిలోంచి పెన్ను లాక్కుని సంతకం పెట్టింది. “లెక్కపెట్టింది నేనే కదక్కా.”

మూడు గంటలకు విచారణ గదిలో పొడవాటి బల్ల, నీళ్ళ సీసాలు, టైపు చేయడానికి ఒక గుమాస్తా. అధ్యక్షుడు ఎప్పుడో రిటైరైన ప్రొఫెసర్, చెవిలో మిషన్ పెట్టుకుంటాడు, అందరినీ గట్టిగా మాట్లాడమంటాడు. ఆయనకు అటు రసాయనాల విభాగం నుంచి ఒకాయన, ఇటు పెద్దాస్పత్రి సర్జన్. సర్జన్ వేళ్ళు ఊరికే ఉండటం లేదు, పెన్ను క్యాపు తీస్తూ పెడుతూ ఉంది. నలగని తెల్ల చొక్కాలు అయిపోయాయేమో, సార్ ఇస్త్రీ లేని నీలం చొక్కాతోనే వచ్చాడు.

ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. బాగా మాట్లాడతాడు, ఆ సంగతి ఆమె ఎప్పుడూ కాదనలేదు. చివర్లో గొంతు మెత్తబడింది. “చెప్పడానికి బాధగానే ఉంది. కణాలను చూసుకునే టెక్నీషియన్ తన పొరపాటు ఒప్పుకుంటూ సంతకం చేశారు. నా భార్యే గనుక నేను దాచొచ్చు. దాచలేదు.” అని ఆమె వైపు చేయి చాపాడు, కాగితం కోసం.

ఆమె లేచి ఆ చేతిని దాటుకుని వెళ్ళి, అధ్యక్షుడి ముందు మూడు పెట్టింది. సంతకం లేని నాలుగు వాక్యాల కాగితం. నాలుగు అంకెల కాగితం. నల్ల అట్ట పుస్తకం, నలభై రెండో పేజీ తెరిచి.

“ఫలితం తప్పు కాదండీ, రాసిన పద్ధతి తప్పు,” అంది, చెవి మిషన్‌కి అందేలా గట్టిగా. తర్వాత స్కాలర్లకు చెప్పినట్టే చెప్పింది. గోడ, యాసిడ్, మొదటి తలుపు, రాని సిలిండర్ల బండి, సోడా, రెండో తలుపు. అయిదు నిమిషాలు పట్టింది. మధ్యలో ఎక్కడా సార్ అనలేదు, అనుకుంటున్నాను అనలేదు.

సర్జన్ పెన్ను క్యాపు పెట్టడం మానేసి అంకెల కాగితం దగ్గరికి లాక్కుంది. “ఒక్క నిమిషం. మనిషి రక్తంలో బైకార్బొనేట్ ఎప్పుడూ ఉంటుంది.”

“ఉంటుందండీ. గ్యాస్ అయిపోవడం మా ల్యాబ్‌లోనే జరుగుతుంది, మనిషి ఒంట్లో జరగదు.”

“అంటే ఈ ఒక్క మందే ఇచ్చి ఉంటే...” సర్జన్ ఆగింది. “పేర్లు రాసుకున్నానండీ నేను. పదిహేడు మంది. వాళ్ళలో ఒకాయన నీళ్ళు కూడా చెంచాతో తాగుతున్నాడు.”

“రెండూ కలిపి ఇస్తే పని చేయొచ్చు. చేస్తుందని ఇంకా అనను. సీసాలో ఆగింది, అంతవరకే నాకు తెలుసు.”

రసాయనాల ఆయన పుస్తకం తిరగేసి, వెలుగుకు పట్టి సిరా చూసి, తలాడించాడు. సార్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. “ఈ మధ్య తనకి ఒంట్లో బాగుండటం లేదు. జ్వరాలూ అవీ. ఈ పుస్తకం ఇన్నాళ్ళు లేదు, ఇప్పుడెలా వచ్చిందో తననే అడగండి.”

“జ్వరం పోయిన నెల వచ్చిందండీ, తగ్గిపోయింది,” అంది ఆమె. “పుస్తకం మా ఇంట్లో కుట్టుమిషన్ సొరుగులో ఉంది. పాత పేపర్లవాడికి వేసెయ్యమని ఇస్తే మా అత్తగారు వెయ్యలేదు. కావాలంటే ఆవిడ వచ్చి చెప్తారు. ఆటో దిగాక మెట్లెక్కడానికి కాస్త సాయం పట్టాలి, అంతే.”

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “పేపరు ప్రతి నా దగ్గరుందమ్మా. ఇందులో మామూలు మీడియం, మామూలు గ్యాస్ అని ఉంది. టైపు చేసింది మీరేనని మీ... అంటే, వారన్నారు. పుస్తకంలో ఉన్న ఈ సంగతి పేపరులో లేకుండా తీసేసింది ఎవరు?”

“తీసింది నా వేళ్ళే. అది కూడా రాసుకోండి, దాచను. అప్పుడు నాకు దాని విలువ తెలియలేదు, అది నా తప్పు. తీసెయ్యమన్నది వేరే మనిషి. పుస్తకం పారేయమన్నదీ ఆ మనిషే.”

“ఎవరు? గట్టిగా చెప్పండి. ఇది రికార్డులోకి వెళ్తుంది.”

గుమాస్తా వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. నీలం చొక్కా వైపు నుంచి ఒక చూపు ఆమె మీదికి వచ్చింది. భోజనాల బల్ల మీదుగా, మూసిన గది తలుపుల వెనక, పద్దెనిమిదేళ్ళుగా ఆమెకు తెలిసిన చూపు. ఆ చూపుకు ఆమె దగ్గర ఇన్నాళ్ళూ రెండే మాటలున్నాయి. గుమ్మానికి ఇవతల ఒకటి, అవతల ఒకటి. ఈ గది రెండూ కాదు.

ఆమె గుమాస్తా వైపు తిరిగింది. “రాసుకోండి,” అని, ఇంటిపేరుతో మొదలుపెట్టి, సీసా మీది లేబుల్ చదివినట్టు నిదానంగా, గది మొత్తానికీ వినపడేలా ఆయన పేరు చెప్పింది.